తరుగు

మిర్చియార్డులో నా పని కాటా.
టిక్కీ ఎత్తి పెడతారు
అంకె ఊగి ఊగి నిలబడ్డాక
గట్టిగా అరుస్తాను.
గోనెకింత, తేమకింత, తాలుకాయకింత
తరుగు తీసేదీ నేనే.
రైతు నా మొహం వంక చూస్తాడు,
నేను అంకె వంకే చూస్తాను.
ఇరవై రెండేళ్లు.

పెద్దాసుపత్రిలో మందెక్కించే ముందు
సువార్తను కాటా ఎక్కిస్తారు.
చర్చి గడప దాటినట్టు చెప్పులు విడిచి
ఒక్కో కాలే పెడుతుంది.
యాభై ఆరు.
మూడు వారాలకి యాభై మూడు.
సంక్రాంతి వెళ్లాక నలభై తొమ్మిదిన్నర.
అంకె నిలబడకముందే తల తిప్పుకుంటాను.
గోడ మీద బల్లి. దాన్ని చూస్తాను.
ఆ రైతులు
నా మొహంలో ఏం వెతికేవాళ్లో
అక్కడ తెలిసింది.

ఘాటు నా చొక్కాలో ఉండదు, నాలో ఉంటుంది.
పెళ్లైన కొత్తలో దుప్పటి దులిపి తుమ్మేది.
"నిన్ను కట్టుకున్నానా, కారంమిల్లును కట్టుకున్నానా" అనేది.
ఇప్పుడు నోరంతా పుండ్లు.
నేను గుమ్మంలో నిలబడితే చాలు, దగ్గు.
అందుకే సందు మొదట్లోనే
తోడల్లుడు దైవసహాయం ఇంటి పంపు కింద
రెండుసార్లు సబ్బు, ఒకసారి శనగపిండి,
గోళ్ల సందుల్లో నిమ్మచెక్క.
అయినా చెంప ముట్టను.
మోచేత్తో దుప్పటి సర్దుతాను.

మా అత్త మార్తమ్మ గొడ్డుకారం జాడీని అటకెక్కించింది.
ఊరంతా ఎర్రగా తినే గుంటూరులో
మా ఇంట్లో ఆరుగురికీ
పెరుగన్నం, ఉడికించిన సొరకాయ.
మూడోనాటికే మా ఎబినేజరు
బడి దగ్గర మిరపకాయ బజ్జీ తిని
మూతి కడుక్కుని వచ్చాడు.
"దగ్గరికి రారా" అంది వాళ్లమ్మ.
వాడి నోటిదగ్గర ముక్కు పెట్టి
కళ్లు మూసుకుని కాసేపుంది.
"వాము ఎక్కువేశాడు" అంది.
ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో
పక్కింటామె వచ్చి తొంగిచూసింది.

శుక్రవారం రాత్రి కూడిక మా ఇంట్లోనే.
చాపలు చాలక మంచం నిలబెడతాం.
అత్త ప్రార్థన తగువాడినట్టుంటుంది:
"నలభయ్యేళ్లు నా ఒళ్లో పెట్టి
ఇప్పుడు లెక్కలడుగుతావేందయ్యా ప్రభువా!"
సువార్త పాటల పుస్తకం నిండా
రక్తపరీక్ష చీటీలు.
ఏ పాట తీసినా
ముందు తెల్లకణాల లెక్కే వస్తుంది.
నాకు ప్రార్థన రాదు.
ఆమేన్ ఒక్కటే, అదీ అందరికంటే ఆలస్యంగా.
ఒక్కటి మాత్రం అడగాలని ఉంటుంది.
నువ్వూ కాటా మనిషివేగా,
గోనెకెంత తీస్తావు?
ఏడ్చిన నీళ్లు తేమ కిందికే వస్తాయా?
అడగను.
పాస్టరుగారికి టీ అందిస్తాను.

ఆ రాత్రి అందరూ వెళ్లాక
ఆమే నా చెయ్యి లాక్కుంది.
జుట్టు లేని తలకు ఆనించుకుంది.
"మండుద్దే" అన్నాను.
"మండనీ" అంది.
తెల్లారేదాకా ఆ చెయ్యి తిమ్మిరెక్కినా కదపలేదు.

నిన్న ఆరో విడత.
కాటా ఎక్కింది.
నర్సమ్మ ఫోనులో ఉండి
"అంకె చూడన్నా కాస్త" అంది.
ఈసారి బల్లి లేదు, చూశాను.
నలభై తొమ్మిది, ఎనిమిది వందలు.
పోయిన విడత కంటే మూడొందలు మొగ్గు.
సువార్త నా వంక చూస్తోంది.
అప్పుడు కనపడింది,
పైట కింద, సంకలో,
చీటీలతో ఉబ్బిన పాటల పుస్తకం.

ఇరవై రెండేళ్లలో
తరుగు తీయకుండా అంకె అరిచింది
నిన్ననే.
వార్డు చివరి మంచందాకా వినపడేట్టు,
యార్డులో అరిచినట్టే.
నర్సమ్మ రాసుకుంది.